అత్తగారి గొంతు

కిందటి వారం కోడలిని ఆఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఇంటికి వెళ్లాలి, కానీ వెళ్లడానికి మొహం చెల్లదు. అలా మెట్టు మీద కూలబడి ఉంది. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పుకుని, ఆమెను లేపి ఇంటికి తీసుకువెళదాం.

మామగారు వెబ్‌సైట్లు కట్టే పాతకాలపు మేస్త్రి. ఆఫీసులో అందరూ ఆయనకి పెట్టుకున్న పేరు ‘చేతిరాత మాస్టారు’. ప్రతి గీతా, ప్రతి బటనూ, జావాస్క్రిప్టులో ప్రతి వాక్యమూ సొంత చేత్తో రాసుకుంటేగాని ఆయనకి నిద్ర పట్టదు. అదే ఆఫీసులో పనిచేసే కోడలిది ఎదురు దారి. ఎక్కడెక్కడివాళ్లో బుర్రలు బద్దలుకొట్టుకుని తయారుచేసి లోకానికి ఊరికే ఇచ్చిన లైబ్రరీలు ఉండగా, ఇంటికి చట్రంలాగా అన్నీ అమర్చిపెట్టే ఫ్రేమ్‌వర్కులు ఉండగా, మళ్లీ ఓనమాల నుంచీ దిద్దడమేమిటంటుంది.

“రెడీమేడ్ చొక్కా తొడుక్కునేవాడికి గుండీ ఊడితే కుట్టుకోవడం రాదమ్మా” అంటారాయన.

“మీరు గుండీ కుట్టుకుని బయల్దేరేలోపు అక్కడ పెళ్లీ అయిపోతుంది, భోజనాలూ అయిపోతాయి మామయ్యా” అంటుందీమె.

ఇద్దరి మధ్య ఇలాంటి మాటలు విని పడీపడీ నవ్వే మనిషి అత్తగారు. నవ్వుతుంది, కానీ చప్పుడుండదు. ఆవిడ ప్రసూతి వార్డులో నర్సుగా చేసిన మనిషి. ఆవిడ ఒక్క కేక వేస్తే లోపల బద్ధకంగా పడుకున్న బిడ్డ కూడా బయటికి వచ్చేసేదని వార్డులో చెప్పుకునేవారట. అలాంటి గొంతులో గడ్డ లేచింది. గొంతుపెట్టె తీసెయ్యక తప్పదన్న డాక్టరే, ఆపరేషన్‌కి ముందు మాటలు రికార్డు చేసి దాచుకోమన్నాడు. మామగారు ఆ మాటలన్నిటినీ ఫోన్‌లో ఒక పేజీకి ఎక్కించారు. బటన్ నొక్కితే చాలు, అత్తగారి గొంతే పలుకుతుంది.

ఆ పేజీ పాతబడింది. ఒక్క బటన్ కొత్తగా చేర్చాలన్నా నాలుగుచోట్ల గెలకాలి, ఒకచోట గెలికితే ఇంకోచోట ఊడేది. కోడలు ఎవరికీ చెప్పకుండా దాన్ని ఫ్రేమ్‌వర్కుతో తిరగరాసింది. పెద్ద టాబ్లెట్ కొని, పెద్దపెద్ద బటన్లు పెట్టి, టైపు చేస్తే చదివిపెట్టే సౌకర్యం కూడా కలిపి అత్తగారి ఒళ్లో పెట్టింది. రికార్డులు తర్వాత కలుపుదామని అప్పటికి మరగొంతు తగిలించింది. తీరా కలుపుదామని ఫోల్డరు తెరిస్తే, అందులో రికార్డులు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

అక్కడ ఆగాం.

*

తలుపు చప్పుడుకి కిటికీ పక్కన కూచున్న అత్తగారు తల తిప్పింది. ఒళ్లో టాబ్లెట్ ఉంది. వేలు దాని మీదికి వెళ్లింది.

“అమ్మాయ్. వచ్చావా. చెప్పులు అక్కడ వదిలి లోపలికి రా.”

సరుకుల చీటీ చదివినట్టుంది ఆ మరగొంతు. వచ్చావా అన్నది అడిగినట్టు లేదు. రా అన్నది పిలిచినట్టు లేదు. కోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

అసలు ఆ మాటకి ఒక కథ ఉంది. రికార్డు చేసే రోజుల్లో మామగారు ముందు కావాల్సిన మాటలన్నీ రాసిచ్చారట. నీళ్లు, నొప్పి, ఫ్యాను, తలుపు. అత్తగారు వాటిని చూసి మూతి విరిచింది. “నీళ్లు కావాలంటే చేత్తో చూపించి అడుగుతా. తిట్టడం చేత్తో ఎలా తిడతానండీ?” అంది. అని, రోజూ తను వాడే మాటలే వరసగా చెప్పుకుపోయింది. ‘ఏమండీ, మీ కళ్లజోడు మీ నెత్తి మీదే ఉంది.’ ‘ఆ తువ్వాలు మంచం మీద పడేస్తే ఊరుకోను.’ ‘నేను చెబితే విన్నారా?’ ఇంకా కొడుక్కి పెళ్లే కాలేదు, ఏ పిల్ల వస్తుందో తెలియదు, అయినా రాబోయే ఆ పిల్ల కోసం ఒకటి చెప్పి ఉంచింది. ‘అమ్మాయ్, వచ్చావా? చెప్పులు అక్కడ వదిలి లోపలికి రా.’ పెళ్లయ్యాక కోడలు ఈ గుమ్మంలో మొదటిసారి నిలబడ్డప్పుడు పలికింది ఆ బటనే. పసితనంలోనే తల్లి పోయి, తల్లి గొంతు ఎలా ఉంటుందో గుర్తే లేని పిల్ల. పుట్టింట్లో అందరికంటే మొదట డిగ్రీ పట్టా అందుకుంది గానీ, గుమ్మంలో ‘వచ్చావా’ అని అడిగే మనిషి లేకుండా పెరిగింది. ఆ రోజు చెప్పులు విప్పుతూ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడా గొంతు తన చేతుల్లోనే పోయింది.

అత్తగారు టీ పెడతానని సైగ చేసి వంటింట్లోకి వెళ్లింది. మామగారు బల్ల దగ్గర కంప్యూటరు తెరకి ముక్కు ఆనించి కూచుని, చేత్తో బల్లంతా తడుముతున్నారు. కళ్లజోడు నెత్తి మీద ఉంది. ఇంకో రోజైతే కోడలు నవ్వి ఉండేది.

“మామయ్యా, మీతో మాట్లాడాలి.”

“చెప్పమ్మా. ఏంటి, ఆ రెడీమేడ్ మళ్లీ మొరాయించిందా?”

“అత్తయ్య రికార్డులు పోయాయి.”

ఆయన చెయ్యి బల్ల మీద తడుముతున్నది తడుముతున్నట్టే ఆగింది.

“పోయాయంటే?”

“ఫోల్డర్లో లేవు.”

“ఏ ఫోల్డర్లో? సైటు ఫోల్డర్లోనేగా, సౌండ్స్ అని ఉంటుంది చూడు.”

“చూశాను మామయ్యా. ఆ ఫోల్డరే లేదు. నేను... కొత్త పేజీ కట్టింది అందులోకే. అడ్రసు మారకూడదని, పాత పేజీ ఉన్నచోటికే కట్టమని ఫ్రేమ్‌వర్కుకి చెప్పాను.”

“అయితే? పక్కపక్కన ఉంటాయి కదా రెండూ.”

ఇక్కడే ఉంది చిక్కంతా. కోడలు గొంతు సవరించుకుని, ఆఫీసులో కొత్తవాళ్లకి చెప్పినట్టు చెప్పబోయింది, చెప్పలేకపోయింది. మళ్లీ మొదలుపెట్టింది.

“ఫ్రేమ్‌వర్కుతో పని చేసేవాళ్లం రాసేది ఒకచోట మామయ్యా, తయారై వచ్చేది ఇంకోచోట. తయారయ్యే ఫోల్డర్లో మన సొంత వస్తువు ఏదీ ఉంచుకోం. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ తయారవుతుంది కాబట్టి, కట్టే ముందు ఆ పనిముట్టు దాన్ని ఊడ్చేస్తుంది. ఖాళీ చేసి, తర్వాత కొత్తది పెడుతుంది. ప్రతిసారీ అంతే. అది మాకు ఎంత అలవాటంటే... అక్కడ ఎవరైనా ఏదైనా దాచుకుంటారన్న ఆలోచనే రాలేదు.”

మామగారు కుర్చీలో వెనక్కి వాలారు.

“నాకు రెండు చోట్లుండవు” అన్నారు మెల్లగా. “నేను రాసేదే జనం చూసేది. అన్నీ అందులోనే.”

“తెలుసు మామయ్యా. ఇప్పుడు తెలిసింది.”

“సర్వరు మీద?”

“ఎక్కించేటప్పుడు ఇక్కడున్నట్టే అక్కడా చేస్తుంది. ఇక్కడ లేనిది అక్కడ తీసేస్తుంది.”

“కాపీ తీశావు కదా? మీరు రోజూ తీస్తారుగా కాపీలు, నన్ను కూడా తియ్యమని సతాయిస్తారు.”

“తీశాను. కోడంతా ఉంది, ఒక్క అక్షరం పోలేదు. కానీ పాటలూ వీడియోలూ లాంటి బరువైన ఫైళ్లు ఆ కాపీల్లోకి రానివ్వకూడదని మా ఆఫీసు పద్ధతి. వాటిని దానంతటదే వదిలేస్తుంది. నేను చూసుకోలేదు.”

“డిస్కు ఒకటి ఉండేది” అన్నారాయన, తనలో తాను. “అది ఎప్పుడో పాడైంది. ఇంకోటి కొని ఎక్కిద్దాం, ఎక్కిద్దాం అనుకుంటూనే...” ఆగిపోయారు.

అరిచినా బాగుండేది. ఆయన ప్రతి ప్రశ్నా తప్పు ఎక్కడుందో వెతుక్కునే పనివాడి ప్రశ్న. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదని తేలాకే మనిషిలోంచి మొగుడు బయటికొచ్చాడు.

“అడగొచ్చు కదమ్మా! పక్కగదిలోనే ఉంటాను కదా! మామయ్యా, ఈ ఫోల్డర్లో ఏముంది అని ఒక్క మాట. ఒక్కటంటే ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?”

“మీకు తెలియకుండా చేసి చూపిద్దామని...”

“చూపించావుగా! నీ కన్నతల్లి గొంతైతే ఇలాగే ఊడ్చి పారేసేదానివా?”

అన్న మరుక్షణం ఆయనకే తెలిసింది ఏమన్నారో. ఆ పిల్లకి తల్లి గొంతే లేదు. కోడలు తల వంచుకుంది. ఆయన వదిలిన బాణం ఇద్దరికీ తగిలింది.

గుమ్మంలో గ్లాసుల చప్పుడు.

అత్తగారు టీ గ్లాసులతో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో! మాట పోయిన మనిషి వస్తున్నట్టు చెప్పదు కదా. ముందు గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఒకటి భర్త ముందుకి, ఒకటి కోడలి ముందుకి జరిపింది. కిటికీ దగ్గరికి వెళ్లి టాబ్లెట్ తెచ్చుకుంది. భర్తకి ఎదురుగా నిలబడి ఒక బటన్ నొక్కింది.

“ఏమండీ. మీ కళ్లజోడు. మీ నెత్తి మీదే ఉంది.”

మామగారి చెయ్యి అలవాటు కొద్దీ నెత్తి మీదికి పోయింది. కళ్లజోడు తగిలింది. అది వేళ్లతో పట్టుకుని, తియ్యలేదు, పెట్టుకోలేదు. అలా పట్టుకునే ఏడ్చారు. ఎన్నో ఏళ్లు ప్రతి పొద్దునా విన్న వాక్యం. ఆ ‘ఏమండీ’ని అత్తగారు సాగదీసే తీరులో సగం విసుగూ సగం మురిపెమూ ఉండేవి. ఇప్పుడు మాటలన్నీ ఉన్నాయి, ఆవిడ లేదు.

అత్తగారు టాబ్లెట్ బల్ల మీద పెట్టి, ఒక్క వేలితో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికీ వెతుక్కుంటూ, తప్పు పడితే చెరుపుకుంటూ. ఇద్దరూ ఆ వేలినే చూస్తున్నారు.

“దాన్ని అనకండి” అంది మరగొంతు.

మళ్లీ వేలు కదిలింది.

“ఎంత మంచి గొంతని. వార్డంతా చెవులు మూసుకునేది.”

కోడలికి ఏడుపులో నవ్వొచ్చింది. నవ్వు రాగానే ఏడుపు ఇంకా పెరిగింది. అత్తగారు ఆమె చెంప మీద తట్టి, ఊరుకోమన్నట్టు తల ఊపి, మళ్లీ టైపు చేసింది.

“పాత దాంట్లో ఉన్న మాటలే అనగలను. ఇందులో కొత్త మాట అనగలను. మొన్న పక్కింటావిడతో గొడవ కూడా పెట్టుకున్నాను.”

“అయ్యో, ఎందుకు అత్తయ్యా?”

“బావుందో లేదో చూద్దామని.”

మామగారు కళ్లు తుడుచుకున్నారు. “చూడమ్మా” అన్నారు కోడలితో, మొహం ఆమె వైపు తిప్పకుండానే. “నోరు జారాను. నీ పద్ధతి తప్పు కాదు. నేనే బీరువాలో పెట్టాల్సింది తీసుకెళ్లి వాకిట్లో పెట్టాను. వాకిలి ఊడ్చినవాళ్లనా అనేది?”

“బీరువా ఎక్కడుందో అడగాల్సింది నేనే మామయ్యా.”

అత్తగారి వేలు ఇంకా టాబ్లెట్ మీదే ఉంది. ఒక వాక్యం రాస్తోంది, చెరుపుతోంది. రాస్తోంది, చెరుపుతోంది. ఇందాక నవ్వించిన మొహం కాదది. నర్సుగా ఎందరి ఏడుపులనో పక్కన నిలబడి ఓర్చిన మొహం, తన వంతు వచ్చేసరికి ఓర్చుకోలేకపోతోంది. చివరికి చెరపకుండా వదిలేసింది. మర చదివింది.

“నాకు కూడా ఒక్కసారి వినాలనుంది.”

ముగ్గురిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. టీ చల్లారిపోతోంది. చల్లారిపోతోందని కేకేసే మనిషి అక్కడే నిలబడి ఉంది.

ఉన్నట్టుండి అత్తగారు లోపలి గదిలోకి నడిచింది. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగొచ్చేసరికి చేతిలో ఒక తెల్ల కోటు మడత. ఉద్యోగం మానేసినా పారెయ్యని నర్సు కోటు. దాని మడతలోంచి పాత ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

కోడలు గబుక్కున లేచి నిలబడింది. టాబ్లెట్ ఇచ్చిన రోజు, ఈ పాతది ఇంక ఎందుకు అత్తయ్యా, ఎవరికైనా ఇచ్చేద్దాం అని తనే అంది. అత్తగారు సరేనని తలూపి, స్విచ్చాఫ్ చేసి, తీసుకెళ్లి దాచుకుంది.

“దీంట్లో...” అంది కోడలు. “మామయ్యా, మీ పాత పేజీ సిగ్నల్ లేనిచోట కూడా పనిచేసేది కదా?”

మామగారి మొహంలో నెత్తురు కదిలింది. “పనిచేస్తుంది! ఆసుపత్రి అడుగు అంతస్తులో నెట్ తగలదని గొంతు ముక్కలన్నీ ఫోన్‌లోనే దాచిపెట్టేలా రాశాను. మొత్తం ఇందులోనే ఉంటాయి. దీన్నెప్పుడు ఆఫ్ చేసింది మీ అత్తయ్య?”

అత్తగారు టాబ్లెట్ చూపించింది. ఇది వచ్చిన రోజే అని.

“అంటే కొత్త పేజీ దీనికి తగల్లేదు” అని అరిచినంత పని చేసింది కోడలు. వెంటనే ఏదో గుర్తొచ్చి మొహం పాలిపోయింది. “మామయ్యా, కొత్తది వస్తే పాతదాన్ని ఏం చెయ్యమని రాశారు?”

ఆయన ఫోన్ వైపు చూశారు.

“నెట్ తగలగానే సర్వర్ని అడుగుతుంది, కొత్తది ఉందా అని. ఉంటే...” ఆయన చూపు హాలు వైపు పోయింది. “పాతదంతా తుడిచేసి కొత్తది తెచ్చుకుంటుంది. ఎవర్నీ అడగదు. చాలా చక్కగా రాశానని నాకు గొప్పగా ఉండేది.”

ఆ మాట అంటూనే ఆయన ముసలి కాళ్లతో హాల్లోకి పరుగెత్తి, గోడకున్న వైఫై పెట్టె ప్లగ్గు పీకేశారు. సిమ్ముకార్డు టాబ్లెట్‌లోకి మార్చారు కాబట్టి ఫోన్‌కి వేరే నెట్ లేదు. కోడలు ఛార్జరు తెచ్చి తగిలించింది. చచ్చినట్టు పడున్న ఫోన్‌లో కాసేపటికి సన్నగా వెలుగు పుట్టింది. ముగ్గురూ బల్ల చుట్టూ వంగారు, పురిటి మంచం చుట్టూ వంగినట్టు.

“ఆన్ అవగానే ముందు ఫ్లైట్ మోడ్‌లో పెడతాను” అంది కోడలు. “దేనికీ తగలకుండా. తర్వాత కేబులు పెట్టి ఒక్కొక్కటీ బయటికి లాక్కుందాం. నేను రాస్తాను దానికి, మీరు పక్కన కూచోండి మామయ్యా.”

“చేత్తో రాస్తావా?” అన్నారాయన.

“చేత్తోనే.”

తెర వెలిగింది. పాత పేజీ, ఆపేసిన రోజు ఎలా ఉందో అలాగే తెరుచుకుంది. వంకరటింకర బటన్లు, మామగారు ఎంచిన ఆకుపచ్చ రంగు, మూలన ‘తిట్లు’ అని ఒక గడి. అత్తగారి నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒక్క క్షణం అత్తయ్యా, ముందు ఇటివ్వండి...”

కానీ ఎన్నాళ్లుగానో సొంత గొంతు వినని మనిషికి ఒక్క క్షణం ఎలా ఆగుతుంది? ఆవిడ వేలు అప్పటికే బటన్ వెతుక్కుంది. వెతుక్కోవడం కూడా కాదు, వేలికే తెలుసు. తన తిట్లు కాదు, భర్త కళ్లజోడు కాదు. కోడలి బటన్.

అదే సమయంలో వీధి గుమ్మం తలుపు తెరుచుకుంది.

“ఏంటి, ఇంట్లో నెట్ పోయిందా?” భుజాన సంచీతో లోపలికొచ్చాడు కొడుకు. రైలు గార్డు. రేపు రావాల్సినవాడు, డ్యూటీ మారి ఇవాళే వచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది. “నాది పంచుతున్నాను, వాడుకోండి. అమ్మా, అది నీ పాత ఫోనేనా? మన ఆసుపత్రి రోజుల్లో పొద్దస్తమానం నా ఫోన్ నుంచే నెట్ తాగేది...”

కోడలు తెర వైపు చూసింది. పాత ఫోన్ పై అంచున, ఇందాక లేని చిన్న నెట్ గుర్తు ఒకటి వెలిగింది.

ఆమె చెయ్యి చాచింది. గదిలో గలగలమంటూ, సగం విసుగూ సగం మురిపెమూ కలిసిన నిండు గొంతు పలికింది.

“అమ్మాయ్, వచ్చావా? చెప్పులు అక్కడ వ—”

తెర తెల్లబడింది.